కప్పల తక్కెడ

ఊళ్లో ఏ కమిటీ కూర్చున్నా
మా నాయనమ్మ పెదవి విరిచేది:
"కప్పల తక్కెడే! ఒకదాన్ని పళ్లెంలో పెడితే
ఇంకోటి దూకుతుంది.
తూకం ఎప్పటికి తేలాలి?"

డార్బీషైర్‌లో ఓ కొండవాలు రోడ్డు మీద,
ఫిబ్రవరి వానలో, రాత్రి తొమ్మిదింటికి
తన మనవరాలు నిజంగానే
బకెట్టులో కప్పల్ని లెక్కపెడుతుందని
ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు.

నేను చేరింది మంచితనంతో కాదు.
ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి వస్తుంటే
మిల్లు మలుపులో పసుప్పచ్చ కోటు ఒకటి
చెయ్యి అడ్డం పెట్టింది.
పోలీసనుకొని గుండె ఝల్లుమంది.
మోరీన్ టనిక్లిఫ్, డెబ్బై మూడేళ్లు.
ముప్ఫై ఏళ్లు ఇదే రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి.
"లైట్లు తగ్గించమ్మా,
పెళ్లివారు దాటుతున్నారు" అంది.

దిగి చూశాను.
తడిసిన తారు మీద గులకరాళ్లు
ఒక్కొక్కటే కదులుతున్నాయి.
గోదురుకప్పలు!
అడవి అంచు నుంచి పాత మిల్లు చెరువుకి,
తాము పుట్టిన నీళ్లలోనే గుడ్లు పెట్టాలని.
దారి వాటిది.
రోడ్డు తర్వాతెప్పుడో వచ్చింది,
ఆ సంగతి వాటికెవరూ చెప్పలేదు.
ఆడకప్ప వీపెక్కి మొగుడు,
నడక మొత్తం ఆవిడదే.
"మా ఇంట్లోనూ అంతే" అంది మోరీన్.
తర్వాత అడిగింది: "చేతులు ఖాళీయేనా?"

దరఖాస్తు అదే. ఇంటర్వ్యూ అదే.

మొదటి కప్ప
నానబెట్టిన చింతపండు ముద్దలా ఉంది,
చల్లగా, మెత్తగా,
లోపలెక్కడో చిన్న గడియారం కొట్టుకుంటూ.

ఇక మా తక్కెడ సంగతి.
డెస్మండ్ ఉత్తరాలు పంచుతాడు,
తెల్లారి నాలుగింటికి లేవాలి, అయినా వస్తాడు.
గారెత్‌కీ అతనికీ కంచె తగాదా,
రెండేళ్లుగా మాటల్లేవు.
బకెట్టు మాత్రం ఈ చేతి నుంచి ఆ చేతికి
తొణక్కుండా వెళ్తుంది.
బెరిల్ మోకాళ్లు వంగవు,
కారులో కూర్చునే విజిల్ ఊదుతుంది, టీ పోస్తుంది.
పదమూడేళ్ల సమీహాది లెక్కల పుస్తకం:
ఆడ, మగ, చచ్చిపోయినవి.
మూడో గడిలో అంకెలు
ఎప్పుడూ చిన్నవిగా రాస్తుంది.

ఒక రాత్రి ఓ లారీ
విజిల్ వినకుండా వెళ్లిపోయింది.
నలభై ఒకటి.
డెస్మండ్ పార తెచ్చాడు.
గారెత్ టార్చి పట్టాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
మర్నాడు రాత్రి ఎవరూ ఎవరినీ పిలవలేదు.
ఆరుగురమూ వచ్చాం.

"దీంతో లోకం బాగుపడుతుందా?"
ఫోనులో మా అన్నయ్య నవ్వాడు.
ఏమో అన్నయ్యా.
పదహారు వందల నలభై రెండు
ఆ గట్టున ఉండాల్సినవి ఈ గట్టున ఉన్నాయి.
నాకు తెలిసిన లెక్క అంతవరకే.

ఏ కప్పా వెనక్కి తిరిగి చూడదు.
నీళ్లలో జారేటప్పుడు ఒక బుడుంగు,
జీతమంటే అదే.
నెలాఖరు దాకా ఆగక్కర్లేదు.

ఈ ఏడు బెరిల్ లేదు.
విజిల్ మోరీన్ మెడలో ఉంది,
ఇంకా ఎవరూ ఊదలేదు.
గేటుకి ఆరు బకెట్లు వేలాడుతున్నాయి,
ఆకుపచ్చది, పిడికి తీగ చుట్టినది, ఖాళీ.

బలం అక్కర్లేదు, ధైర్యం అక్కర్లేదు.
కప్పంటే ఒళ్లు జలదరిస్తే గ్లవుజులున్నాయి.
పక్కవాడితో మాటల్లేకపోయినా పర్వాలేదు,
మా దగ్గర చెల్లుతుంది.
నూతిలో కప్పనైపోయానని
ఈమధ్య మీకే అనిపిస్తుంటే మరీ మంచిది,
మోసుకెళ్లడం మాకు అలవాటే.

వాన పడ్డ మొదటి వెచ్చని రాత్రి,
మిల్లు మలుపు దగ్గర.
నెమ్మదిగా రండి,
లైట్లు తగ్గించి.